సేకరణ: జగదీష్, కోదాడ

మార్చి 4, మంగళవారం

ఈరోజు స్కూల్లో టెన్త్ పిల్లల ఫేర్‌వెల్. మధ్యాహ్నం డాన్సులు. ఎనిమిదో క్లాసు ఆడపిల్లలు ఒక పాటకు ఆడారు. సగం పాట అయ్యేదాకా నేనూ మిగతా టీచర్లతో పాటు చప్పట్లు కొడుతూనే ఉన్నాను. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. విన్నట్టుండడం ఏమిటి, రాసిందే నేను.

"సక్కెర సందుగల దాసుకుంది మా అత్త" అని ఆరేళ్ల క్రితం మా వంటింట్లో స్టవ్వు పక్కన నిలబడి రాశాను. అత్తమ్మ మీద కోపంతో రాశాను. కోపంతో రాశాను కాబట్టే బాగా వచ్చింది. మిర్యాలగూడలో సుధాకర్ అన్న గదిలో రికార్డు చేశాం. మా చిన్నమ్మ కొడుకు. అప్పట్లో ఆయనకు చిన్న స్టూడియో ఉండేది. పాటను పాటగూడు అనే సైట్లో పెట్టాం. కంపెనీ లేనివాళ్లు, సినిమా అవకాశం లేనివాళ్లు సొంత పాటలు పెట్టుకునే సైటు అది. కొందరు విన్నారు. ఒకాయన బాగుందని కామెంటు పెట్టాడు. అంతటితో ఆ సంగతి అయిపోయిందనుకున్నాను.

స్టాఫ్‌రూములోకి వెళ్లి ఫోన్లో వెతికాను. యూట్యూబులో పల్లెపుంజు ఫోక్ అని ఒక చానల్. పాట పేరు "మా అత్త". లక్షల్లో చూశారు. బరాత్‌లలో కూడా ఇదే మోగుతోందట. సూర్యాపేట అంతా తెలిసిన పాట నాకొక్కదానికే తెలియదు. గానం: హారిక. దాని కింద ఇంకో లైను. సేకరణ: జగదీష్, కోదాడ.

సేకరణ. అంటే ఎవరిదీ కాని పాత జానపదం, ఎక్కడో ముసలమ్మలు పాడుకుంటుంటే ఈయన వెళ్లి పోగుచేసుకొచ్చాడన్నమాట. నా పాట చెట్టు కింద రాలిన చింతకాయ కాదు. నేను ఇంకా బతికే ఉన్నాను. నాకు పొద్దున ఫస్ట్ పీరియడ్ ఉంది.

ఇంకో సంగతి. నా పాటలో మొదటి మాట రిమోటు. "రిమోటు రొండిల చెక్కుకుంది మా అత్త." అత్తమ్మ టీవీ రిమోటును నడుము దగ్గర చీరలో చెక్కుకుని తిరుగుతుంది. కూరగాయలకు పోయినా అంతే, చుట్టాలింటికి పోయినా అంతే. ఆమె ఇంట్లో లేకపోతే మాకు టీవీ లేదు. పాట పుట్టిందే దాని మీద. ఈయన దాన్ని పీకేసి "తాళాలు రొండిన దోపుకుంది మా అత్త" అని పెట్టాడు. తాళాలట. మా ఇంట్లో తాళం వేసి దాచుకునేంత ఆస్తి ఎక్కడుంది.

మార్చి 5, బుధవారం

పాటగూడులో పాట పెట్టిన తేదీ ఉంటుంది. అది చూపిస్తే చాలు, ఆ జగదీష్ నోరు మూతపడుతుంది. ఆ ధైర్యంతో సైటు తెరిచాను. పాటలు లేవు. ఎర్రటి సూర్యుడి బొమ్మ ఒకటి ఉంది.

మెయిల్ వెతికితే దొరికింది. జనవరిలోనే వచ్చింది. పైన "వీ ఆర్ సన్‌సెట్టింగ్ పాటగూడు" అని ఉంది. అప్పుడే చూశాను దాన్ని. శివకుమార్‌ను అడిగాను కూడా. సన్‌సెట్ అంటే సాయంత్రం పూట ఏదో ప్రోగ్రాం పెడుతున్నరు గావచ్చు, పోతవా ఏంది అన్నాడు. మా ఆయన మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో లారీల లోడింగ్ సూపర్‌వైజరు. వారానికోసారి ఇంటికి వస్తాడు. ఆయనకు లోడింగ్ తప్ప ఏ ఇంగ్లీషూ అక్కర్లేదు. నాకన్నా ఉండాలిగా బుద్ధి. హైదరాబాదులో ఎవరిదో సాయంత్రం ప్రోగ్రాం, మనకెందుకులే అని వదిలేశాను.

మూసేస్తున్నాం అని రాస్తే వీళ్ల సొమ్మేం పోయింది? దుకాణం మూసేవాడు షట్టర్ మీద దుకాణం మూసేశాం అనే రాస్తాడు. సూర్యుడు అస్తమించాడు అని రాయడు.

మార్చి 31 దాకానే గడువు. అప్పటిదాకా ఖాతా ఉన్నవాళ్లు లాగిన్ అయ్యి తమ పాటలు దించుకోవచ్చు. తర్వాత అన్నీ డిలీట్. పాట నాదని నా మెయిల్ ఇచ్చాం గానీ ఖాతా సుధాకర్ అన్నది. పాస్‌వర్డ్ ఆయనకే తెలియాలి.

మార్చి 6

సుధాకర్ అన్న ఫోన్ ఎత్తడం లేదు. పెళ్లిళ్ల సీజన్.

మార్చి 8, శనివారం

ఎత్తాడు. పాటగూడా, అది ఇంక ఉన్నదా చెల్లె, అన్నాడు. మార్చి ముప్పై ఒకటి దాకా ఉంటది అన్నాను. అయితె మస్తు టైమ్ ఉన్నది, రేపు గాదు, వచ్చే ఆదివారం రా అన్నాడు. చుట్టూ డప్పులు మోగుతున్నాయి, ఇంతకుమించి మాట్లాడలేకపోయాను.

తర్వాత కోదాడ నంబరుకు చేశాను. వీడియో కిందే ఉంది, ప్రోగ్రాముల కోసం సంప్రదించండి అని. జగదీష్ చాలా మర్యాదగా మాట్లాడాడు. అదే మంట. మర్యాదగా మాట్లాడేవాడిని తిట్టడం కష్టం. ఆ పాట రాసింది నేనండీ అన్నాను. చాలా సంతోషం మేడం, చాలామంది అలాగే అంటున్నారు, పాట జనంలోకి వెళ్లిందంటే అందరికీ సొంతమనిపిస్తుంది కదా అన్నాడు. అనిపించడం కాదండీ, రాశాను అన్నాను. అలా ఎలా అవుతుంది మేడం, మా అమ్మమ్మ పాడేది ఆ పాట, చిన్నప్పుడు ఆవిడ ఒళ్లో పడుకుని విన్నాను అన్నాడు.

వాళ్ల అమ్మమ్మ. నేను రాసినప్పటికి ఆయనకు మీసాలు కూడా వచ్చి ఉంటాయి.

నా దగ్గర ఆధారం ఉందని చెప్పాను. పంపించండి మేడం, తప్పకుండా చూద్దాం అన్నాడు. ఫోన్ పెట్టేముందు ఇంకో మాట చెప్పాడు. రెండో భాగం కూడా వస్తోందట, "మా అత్త పార్ట్ టూ", ఉగాది తర్వాత రిలీజ్. అది కూడా సేకరిస్తున్నాడట. ఎక్కడినుంచి సేకరిస్తాడు? నేను ఇంకా రాయనే లేదు.

నాకు కావలసింది ఒకటే. సేకరణ అన్న మాట తీసేసి, రచన: గోపిక అని పెట్టాలి. ఇంకేమీ అక్కర్లేదు. పార్ట్ టూ వచ్చాక ఇక ఎవరూ నమ్మరు. అప్పుడు అది శాశ్వతంగా వాళ్ల అమ్మమ్మ పాట అవుతుంది, నేను ఎక్కడో విని నాదని చెప్పుకునే పిచ్చిదాన్నవుతాను.

మార్చి 9, ఆదివారం

ఈరోజు అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ పాడింది. ఏ పాట? అదే పాట. తాళాల పాట.

పక్కింటి పిల్ల ఫోన్లో వినిపించిందట. రెండు రోజుల్లో నోటికి వచ్చేసింది. నవ్వుకుంటూ పాడుతోంది. ఈ అత్త ఎవలో గని మస్తు గయ్యాళి ఉన్నట్టున్నది పిల్లా, మా అత్త గూడ అచ్చం గిట్లనె ఉండె, సల్ల గూడ కొలిసి పోస్తుండె అని నాతో చెప్పింది. నడుముకు రిమోటు ఉంది. సక్కెర డబ్బా ఆమె మంచం కింది సందుగ పెట్టెలో ఉంది, ఇప్పుడు కూడా. నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను, నా ముఖం కనబడకుండా.

ఏం చెప్పను? అత్తమ్మా, ఆ గయ్యాళివి నువ్వే, రాసిన పుణ్యాత్మురాలిని నేనే అని చెప్పనా. మా అత్తమ్మ జంగమ్మ కోపం ఎలా ఉంటుందో మామను అడగాలి. మామ మైసయ్య ఏడాదిలో సగం రోజులు గొర్రెల వెంట వేములపల్లి దిక్కు మళ్లలోనే ఉంటాడు. గడ్డి కోసమని అందరూ అనుకుంటారు.

మార్చి 16, ఆదివారం

నిన్నటినుంచి ఒంటిపూట బడులు. ఈరోజు పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కాను.

సుధాకర్ అన్న స్టూడియో ఇప్పుడు స్టూడియో కాదు. చప్పుడు రాకుండా గోడలకు అంటించిన కోడిగుడ్ల అట్టలు అలాగే ఉన్నాయి గానీ గది నిండా ఎల్‌ఈడీ బోర్డులు, పూల ఆర్చీలు, పొగ మిషను. మైకు ఎక్కడుందో ఆయనకే తెలియదు. పాటలకు ఎవలు వస్తరు చెల్లె, అందరు ఫోన్లనె చేసుకుంటున్నరు, నాకు పెళ్లిళ్లె దిక్కు అన్నాడు. సరే అన్నాను. నాకు పాస్‌వర్డ్ కావాలి.

పాస్‌వర్డ్ కోసం గంటసేపు తంటాలు పడ్డాం. వదిన పేరు పెట్టి చూశాడు, కాలేదు. బండి నంబరు, కాలేదు. ఊరి పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా రాశాడు. మిర్యాలగూడ స్పెల్లింగ్ ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు. బస్సు మీద ఒకటి, రైల్వే స్టేషన్లో ఒకటి, ఈయన పెళ్లికార్డులో ఇంకొకటి. చివరికి ఆ పెళ్లికార్డు స్పెల్లింగుతోనే తెరుచుకుంది.

పాట కనబడింది. ఆగస్టు 2019. తేదీ చూడగానే ప్రాణం లేచివచ్చింది. అన్న భుజం మీద ఒక్కటి కొట్టాను సంతోషంతో. ఆ సంతోషం ఎంతసేపు? కిందకి జరిపేదాకా. పాట పేరు కింద ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. రైటర్: ట్రెడిషనల్. కలెక్టెడ్ బై: గోపిక.

కలెక్టెడ్ బై గోపిక. అంటే సేకరణ: గోపిక.

నేను అన్న మీద అరిచాను. ఎవడు పెట్టమన్నాడు నిన్ను ట్రెడిషనల్ అని అడిగాను. అన్న తాపీగా టీ తాగుతూ, నువ్వే గద చెల్లె అన్నాడు. రాసినోళ్ల పేరు నాది వెయ్యకు, మా అత్త సూసిందంటె నా సామాన్లు బయటేస్తది, జానపదం అని పెట్టు, ఎక్కడ్నో ఇన్న అని పెట్టు, అని ఈ కుర్చీలనె కూసోని చెప్పినవ్ అన్నాడు. ఆ కుర్చీని కూడా చూపించాడు.

చెప్పాను. ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు కొత్త కోడలిని. అత్తను తిట్టే పాట కింద కోడలి పేరు ఎవరు వేసుకుంటారు? ఈ దిక్కున ఏ కోడలైనా అదే చెప్తుంది. అందుకేనేమో అత్తల మీద ఉన్న పాటలన్నీ జానపదాలే. ఒక్కదానికీ రాసినవాళ్లు లేరు.

మార్చమన్నాను. మార్చే బటన్ తీసేశారు. ఎడిటింగ్ ఈజ్ డిసేబుల్డ్. దించుకో, వెళ్లిపో, అంతే. పాటను నా ఫోన్లోకి దించుకున్నాను. దారంతా వినలేదు.

మార్చి 17, సోమవారం

పాటగూడు వాళ్లకు మెయిల్ రాశాను. ఒక్క మాట మార్చండి, ట్రెడిషనల్ బదులు నా పేరు పెట్టండి, రెండు వారాల్లో ఎలాగూ అంతా తుడిచేస్తారు కదా అని బతిమాలాను. ఒక నిమిషంలో జవాబు వచ్చింది. అంత తొందరగా వచ్చిందంటే మనిషి రాసింది కాదని అర్థం. మేం ఇద్దరమే ఉన్నాం, చాలా భారమైన మనసుతో సెలవు తీసుకుంటున్నాం, మీ సంగీతం ఎప్పటికీ మీదే అని ఉంది.

మీ సంగీతం ఎప్పటికీ మీదే. దీన్ని ఫ్రేము కట్టించి కోదాడ పంపాలి.

నిన్నటిదాకా ఈ సైటు మూతపడకూడదని మొక్కుకున్నాను. ఈరోజు నుంచి తొందరగా మూసేయమని మొక్కుకుంటున్నాను. ఆ పేజీ లేకపోతే కనీసం నా మాటా ఆయన మాటా సమానం అవుతాయి.

మార్చి 19, బుధవారం

ఆధారం పంపిస్తానన్నారు కదా మేడం అని జగదీష్ వాట్సాప్‌లో అడిగాడు. ఇంకా దొరకలేదు అని పెట్టాను. అయితే నేనే పంపిస్తాను మేడం అని ఒక ఫోటో పంపాడు. తెరిచాను. నా పేజీయే. పోయినేడు తీసుకున్న స్క్రీన్‌షాట్. కలెక్టెడ్ బై గోపిక అన్నచోట ఎర్రగా గీత గీశాడు. కింద, మీరు కూడా సేకరించినవారే మేడం, మనం ఒకే దారిలో ఉన్నాం అని రాసి రెండు దండాలు పెట్టాడు.

మరి మీ అమ్మమ్మ ఒళ్లో విన్నదేమైందండీ అని అడిగాను. నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

మార్చి 20

సైటువాళ్లు నా పాటను చెరిపేస్తారు. నేను చేసిన తప్పును మాత్రం జగదీష్ భద్రంగా దాచాడు.

మార్చి 23, ఆదివారం

నిన్న శివకుమార్ వచ్చాడు. పొద్దున జగదీష్ సంగతంతా చెప్పాను. ఒక పాటకు ఇంత పరేషానెందుకు, పోతె పోనియ్, ఇంకోటి రాసుకో అన్నాడు. లారీ ఒకటి పోతే ఇంకోటి వస్తుంది, ఆయన లెక్క అది. ఆ సిమెంటు బస్తాల మీద నీ ఫ్యాక్టరీ పేరు తీసేసి వేరేవాడి పేరు వేస్తే ఊరుకుంటారా అని అడిగాను. అది వేరే అన్నాడు. ఎట్లా వేరే?

నేను బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లాను. ఆ టైములో ఈ మహానుభావుడికి పాట వినాలనిపించింది. నా ఫోన్ తీసుకున్నాడు. నా ఫోన్లో చెవి దగ్గర మాట వినబడదు, ఏదైనా స్పీకర్‌లోనే వినాలి. హాల్లో కూర్చుని, తల్లి పక్కన కూర్చుని, గట్టిగా పెట్టాడు. నా గొంతు. "రిమోటు రొండిల చెక్కుకుంది మా అత్త."

నేను మెట్లు దిగేసరికి చివరి చరణం నడుస్తోంది. "కొడుకొస్తె కడుపునొప్పి అంట మా అత్త." శివకుమార్ నవ్వుతున్నాడు. ఆయనకు ఇంకా అర్థం కాలేదు. అత్తమ్మకు అర్థమైంది. నా వైపు చూసింది. తర్వాత నడుము దగ్గర చెయ్యి పెట్టుకుని రిమోటును తడిమి చూసుకుంది.

తిట్టలేదు. లోపలికి వెళ్లి పడుకుంది. మధ్యాహ్నం తినలేదు. సాయంత్రం సీరియల్ టైముకు కూడా లేవలేదు.

నాకు భయమేసింది. నిజం చెప్పాలంటే సిగ్గు కూడా వేసింది. శివకుమార్‌ను మాత్రం ఆ ఫోన్‌తోనే కొట్టాలనిపించింది.

మార్చి 24, సోమవారం

మాటల్లేవు.

మార్చి 26, బుధవారం

రిమోటు టీవీ పక్కన పెట్టేసింది. మూడు రోజుల నుంచి అక్కడే ఉంది. దీనికన్నా తిట్టినా బాగుండు. టీవీ నా చేతిలో ఉంది, చూడబుద్ధి కావడం లేదు.

మార్చి 27, గురువారం

మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి అన్నం పెట్టుకున్నాను. అత్తమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ పాట మొత్తం చదువు అంది. పాడనా అన్నాను. పాడుడు గాదు, చదువు అంది. చదివాను. కోర్టులో నిలబడ్డట్టు ఉంది. ఒక్కో లైనుకు ఆపింది.

సక్కెర సందుగల పెట్టింది చీమలకు, నీకు గాదు అంది. ఉప్పుకు వంక పెడ్తదన్న లైను ఒట్టి అబద్ధం, తక్కువైతె అడిగిన గని ఎక్కువైతె ఎన్నడన్న నోరు తెరిసిన్నా అని అడిగింది. ఆలోచించాను. నిజమే, ఎక్కువైనప్పుడు ఏమీ అనలేదు. సావుకారమ్మ తీరు కూసుంటది అన్నవ్, మోకాళ్లు నొస్తయి, ఎట్ల కూసోవాలె అంది.

కడుపునొప్పి లైను దగ్గర ఆగింది. అది నిజమే అంది. వాడొస్తెనె కడుపునొప్పి అంట. ఎందుకంటె వాడొస్తెనె దవాఖానకు తీస్కపోతడు. నీకు బడి, మీ మామకు గొర్లు, కడమ దినాలల్ల ఎవల్కి చెప్పాలె అంది.

చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. ఆరేళ్లు ఆ లైను తలుచుకుని నవ్వుకున్నాను నేను. తప్పయింది అత్తమ్మా అన్నాను.

కాసేపటికి, మరి ఆ ఫోన్ల పాటల తాళాలు అని ఎందుకున్నది అని అడిగింది. మొత్తం చెప్పాల్సి వచ్చింది. కోదాడ, జగదీష్, సేకరణ, వాళ్ల అమ్మమ్మ, మూతపడే సైటు, నేను పెట్టించిన ట్రెడిషనల్, అన్నీ. సేకరణ అంటే ఏంది అంది. ఎప్పటిదో పాత పాట, ఎవరో పాతకాలం అత్త మీద కట్టింది, ఈయన ఏరుకొచ్చాడని అర్థం అన్నాను.

అత్తమ్మ ముఖం మారింది. నాలుగు రోజుల నుంచి నేను ఎదురుచూస్తున్న కోపం అప్పుడు వచ్చింది. కానీ నా మీద కాదు. అంటె ఆ పాటల ఉన్నది నేను గాదా, వాళ్లమ్మమ్మకు అత్తనా అంది. కోదాడ బస్సు ఎన్నింటికి అంది.

మార్చి 29, శనివారం

స్కూల్ వదలగానే బయల్దేరాం. అత్తమ్మ ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. దారంతా నేను ఏం మాట్లాడాలో ఆలోచించుకుంటున్నాను. చట్టం, కాపీరైటు, ఆగస్టు 2019. అవేవీ పనికిరాలేదు.

జగదీష్ స్టూడియో ఒక సెల్‌ఫోన్ దుకాణం పైన. మంచి ఏసీ. మనిషి ఫోన్లో ఎంత మర్యాదో ఎదురుగానూ అంతే మర్యాద. రండి మేడం, కూర్చోండి పెద్దమ్మా, టీ తెప్పిస్తాను అన్నాడు. హారిక కూడా అక్కడే ఉంది. డిగ్రీ చదివే పిల్ల, పార్ట్ టూ పాడటానికి వచ్చిందట. నేను మొదలుపెట్టాను. జగదీష్ ఫోన్ తీసి మళ్లీ ఆ స్క్రీన్‌షాటే చూపించాడు. మీ చేత్తో మీరే పెట్టుకున్నారు కదా మేడం, దీనికి నేనేం చేసేది అన్నాడు. ఒంటికాలి మీద నిలబడ్డా గెలవలేనని అర్థమైంది.

అప్పుడు అత్తమ్మ చీర కుచ్చిళ్ల పక్క నుంచి రిమోటు తీసింది. ఇంటినుంచి పెట్టుకొచ్చింది. కావాలని తెచ్చిందో అలవాటుగా వచ్చేసిందో ఇప్పటికీ చెప్పడం లేదు. దాన్ని జగదీష్ ముందు టేబుల్ మీద పెట్టి, ఇది తాళంచెవా బిడ్డా, సూసి చెప్పు అంది.

జగదీష్ అటూ ఇటూ చూశాడు. పాటల ఉన్న అత్తను నేనె, పేరు జంగమ్మ, మాది సూర్యాపేట, రొండిల చెక్కేది ఇది, తాళాలు గాదు అంది అత్తమ్మ. ఆయన తేరుకుని, అది కాదు పెద్దమ్మా, మా అమ్మమ్మ తాళాలు అనే పాడేది, రిమోట్ అని ఈ మేడం తర్వాత కలుపుకుని ఉంటారు అన్నాడు.

హారిక పాపం మంచిపిల్ల. సాయం చేద్దామనే అనుకుంది. లేదన్నా, మొదట మీరు నాకిచ్చిన పేపర్లో కూడా రిమోట్ అనే ఉంది, నేను రెండుసార్లు అలాగే పాడాను, పాతపాటలాగా ఉండదని మీరే కొట్టేసి తాళాలు రాశారు కదా అంది.

ఇంతలో నా ఫోన్ మోగింది. శివకుమార్. ఎత్తగానే గది మొత్తానికి వినబడింది. పండుగకు సెలవు పెట్టి ఇంటికొచ్చాడట, టీవీ పెడదామంటే, అమ్మ రిమోటు యాడ పెట్టింది, ఇల్లంత ఎతికిన అన్నాడు. పెళ్లయినప్పటినుంచి మా ఆయన సరైన సమయానికి మాట్లాడింది ఇదొక్కసారే.

హారిక నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

అత్తమ్మ నవ్వలేదు. జగదీష్ ముఖంలోకి చూసి మెల్లగా చెప్పింది. తిట్టింది నా కోడలు, తిట్లు పడ్డది నేను, నడిమిట్ల ఏరుకోనీకి నువ్వెవలు బిడ్డా అంది.

నా కళ్లలో నీళ్లు వచ్చాయి. ఏసీ ఎక్కువైందని జగదీష్‌కు చెప్పాను.

ఆయన ఫోన్ పక్కన పెట్టాడు. ఒక పెళ్లిలో ఎవరి ఫోన్లోనో విన్నాను మేడం, ఎవరు రాశారో ఎవరికీ తెలియలేదు, వెతికితే ఆ పేజీలో ట్రెడిషనల్ అని కనబడింది, ఇక ఎవరిదీ కాదనుకున్నాను అన్నాడు చివరికి. అమ్మమ్మ సంగతి ఎత్తలేదు. రేపటికల్లా పేరు మారుస్తానన్నాడు. అత్తమ్మ లేచి రిమోటు తీసుకుని మళ్లీ రొండిన చెక్కుకుంది. టీ తాగకుండానే వచ్చేశాం. బస్టాండులో తాగాం. సక్కెర ఎక్కువైంది. ఏమీ అనలేదు ఆమె, నేనూ అనలేదు.

మార్చి 30, ఆదివారం, ఉగాది

మార్చాడు. చూశాను. "రచన: గోపిక, సూర్యాపేట. సేకరణ: జగదీష్, కోదాడ."

రెండూ ఉంచాడు. రాసిన మనిషి పక్కనే ఉండగా సేకరణ ఏమిటండీ అని ఫోన్ చేసి అడిగాను. మిమ్మల్ని సేకరించింది నేనే కదా మేడం అన్నాడు, ఎంతో మర్యాదగా. ఫోన్ పెట్టేశాను. ఈ మనిషితో నా వల్ల కాదు. వీడియోలో కనబడే అక్షరాలు మాత్రం మారవట, కింద రాసింది మాత్రమే మారుతుందట. సరే. కిందనే ఉండనీ. నా పేరు ఉంది. పదిసార్లు చదువుకున్నాను. పచ్చడి చేయడం ఆలస్యమైంది.

మార్చి 31, సోమవారం

రంజాన్ సెలవు. పాటగూడు పొద్దున ఉంది, మధ్యాహ్నం ఉంది, సాయంత్రం ఆరుకు లేదు. నిజంగానే సూర్యాస్తమయం టైముకు తీసేశారు. ఆ ఇద్దరికీ ఇంత పట్టింపు ఉందనుకోలేదు. నా పాట కింద బాగుందని రాసిన ఆ ఒక్కాయన పేరు గుర్తుపెట్టుకోవాల్సింది. అది మాత్రం పోయింది.

ఏప్రిల్ 3, గురువారం. పొద్దున ఏడు

వంటింట్లోంచి అత్తమ్మ పాట. నేను రాయని చరణం.

"కోడలు రాసింది కొంతనె మా అత్త
అసల్ది ఇంకా చెప్పలె మా అత్త"

రచన: జంగమ్మ. తేదీతో సహా ఇక్కడ రాసి పెడుతున్నాను.